తృప్తి అనని పూటకాపు

ఒకడు మాట తప్పితే ఇంకొకడికి శిక్ష ఎందుకు పడాలి? పడితే పడింది, ఆ పాపాన్ని పైనున్న భగవంతుడు ఎవరి నెత్తిన రాస్తాడు? మాట తప్పినవాడి నెత్తినా, వాణ్ణి నమ్మినవాడి నెత్తినా, నమ్మినవాణ్ణి పట్టి శిక్షించినవాడి నెత్తినా?

కంచరి కేదారుడి మనసులో ఈ సందేహం పసితనం నుంచీ ఉంది. అతని తండ్రి నాగలింగం గంటలు పోత పోయడంలో పద్మనాల రాజ్యమంతటా పేరున్నవాడు. ఒకనాడు ఏదో దూరదేశపు గుడికి గంట అప్పగించి వస్తానని బయలుదేరి, దారిలో ముక్కూ మొహం తెలియని బాటసారి ఎవడికో బదులుగా పూటకాపు నిలిచాడట. అంతే. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. తల్లిని అడిగితే కళ్ళొత్తుకునేది. గుడిలో అయ్యవారిని అడిగితే "అంతా కర్మ నాయనా" అని చేతిలో తీర్థం పోశాడు. కేదారుడు ఆ తీర్థం కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు గాని, సందేహం మాత్రం గొంతు దిగలేదు.

అటువంటి కేదారుడు ఇవాళ, ఏకాదశి పూట, నిండు సభలో ఆ మాటే పలికాడు.

"ఈయన కోసం నేను పూట పడతాను."

సభ అంటే మామూలు సభ కాదు, ఉలూకదుర్గంలోని మాంత్రికుడు ధూమ్రభట్టు సభ. నల్లరాతి కొండ శిఖరాన గుడ్లగూబ రెక్కలు ముడుచుకుని కూర్చున్నట్టుండే కోట అది. దాని కిటికీలు కళ్ళలా గుండ్రంగా ఉంటాయి. కొండ కింద నీలవేణి నది కోటను చుట్టుకుని పారుతుంటుంది. కోట నడుమ మహామండపం. దాని పైకప్పుకు నీలాలు తాపడం చేసి నక్షత్రాలు చెక్కారు, నేల మీద పాదరసం పోసినట్టు మెరిసే పలకలు పరిచారు. ఆ పైకప్పును మోస్తున్న స్తంభాలు మనుషుల ఆకారంలో ఉన్నాయి. కొందరు భుజాల మీద, కొందరు ఎత్తిన చేతుల మీద దూలాలు మోస్తున్నారు. ఎంత పనితనం! తలపాగా మడతలు, చేతి మీద నరాలు, చెవిపోగుల చిల్లులు, ఏదీ వదలలేదు శిల్పి. కేదారుడు లోహం పనివాడు గనుక ఆ చెక్కడం చూసి ఒక్క క్షణం తన ఆపదను కూడా మరిచిపోయాడు.

మండపం మధ్యన ఒక పెద్ద కంచుగంట వేలాడుతోంది. దానికి తాడు లేదు, కొట్టే మనిషీ లేడు.

ఆపద ఎలా వచ్చిందంటే, పద్మనాల మహారాజుకు చూపు పోయింది. ధూమ్రభట్టు తోటలో పూసే నేత్రపుష్పాన్ని కళ్ళకు తాకిస్తే తప్ప ఆ చూపు తిరిగి రాదని వైద్యులు చెప్పారు. యువరాజు మకరాంకుడు పూసల వర్తకుడి వేషం వేసుకుని, తండ్రిని వెతుకుతూ దేశమంతా తిరిగి దారులు తెలిసిన కేదారుణ్ణి తోడు తీసుకుని వచ్చాడు. తెల్లవారుజామున తోటలో పువ్వు తెంపుతుండగా గుడ్లగూబ మొహాల భటులు ఇద్దరినీ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. తెంపిన పువ్వును గంట పక్కన ఒక బంగారు పాత్రలో పెట్టారు.

ధూమ్రభట్టు కోపగించుకోలేదు. పొట్ట పెద్దది, గొంతు మెత్తనిది. పెళ్ళివారిని పలకరించినట్టు మాట్లాడాడు.

"నాయనా వర్తకుడా, పువ్వు కావాలంటే అడిగితే ఇవ్వనా? నది అవతల నాగబావి ఉంది. అందులోని మణి తెచ్చి నా చేతిలో పెట్టు, ఈ పువ్వు నీది. రేపు ద్వాదశి. పొద్దుగూకే లోపల రావాలి."

"వస్తాను. నా మాటే హామీ," అన్నాడు మకరాంకుడు.

గుడ్లగూబ భటులు కిచకిచమని నవ్వారు.

"హామీయా?" ధూమ్రభట్టు కూడా చిరునవ్వు నవ్వాడు. "పిల్లకు గాజులు కొంటానని తల్లి ఇచ్చేదీ హామీయే, పన్ను తగ్గిస్తానని రాజు ఇచ్చేదీ హామీయే. నోరు దాటాక దానికి ఊపిరి ఉండదు. పూచీ అంటే కొంచెం నయం. ఏదైనా చెడితే బాధ్యత నాదని ఒకడు ముందుకొస్తాడు. తీరా చెడ్డనాడు వాడి ఇంటికెళితే ఊళ్ళో లేడంటారు. పడమటి వర్తకులు జామీను అంటారు. వాళ్ళు తెలివైనవాళ్ళు, మాట పక్కన ఇల్లో పొలమో చూసుకుంటారు. మా దుర్గంలో ఇవేవీ చెల్లవు నాయనా. ఇక్కడ పూటకాపు ఒక్కటే. పోయేవాడి ఒంటికి బదులు ఉండేవాడి ఒళ్ళు. వాడు వస్తే వీడు లేస్తాడు. వాడు రాకపోతే వీడు లేవడు."

అప్పుడే కేదారుడు ముందుకు వచ్చి ఆ మాట అన్నాడు.

మకరాంకుడు అతని చెయ్యి పట్టుకుని వెనక్కు లాగాడు. "వద్దు కేదారా! ఇంటి దగ్గర నీకు ముసలితల్లి ఉంది, ఆలి ఉంది, మొన్న మొన్న నడక నేర్చిన పిల్ల ఉంది."

"మీకు కళ్ళు లేని తండ్రి ఉన్నాడు," అన్నాడు కేదారుడు చిన్నగా. "ఇక్కడ కూర్చోడానికి ఎవరైనా చాలు. మణి తేవడానికి మీరే కావాలి. వెళ్ళండి. నేను మిమ్మల్ని నమ్మాను."

ఆ చివరి మాట అంటున్నప్పుడు తన తండ్రి కూడా సరిగ్గా ఇలాగే అని ఉంటాడనిపించింది.

భటులు అతణ్ణి గంట కింద ఉన్న నల్లరాతి పీట మీద కూర్చోబెట్టారు. కూర్చున్నంత వరకే అతని ఇష్టం. లేవబోతే ఒళ్ళు లేవలేదు. తాళ్ళు లేవు, సంకెళ్ళు లేవు, పీట పట్టేసింది. మకరాంకుడు వెనుదిరిగి చూస్తూ చూస్తూ కోట తలుపు దాటాడు. ఆ వెంటనే నది మీద నుంచి తెల్లని మంచు లేచి, కోట చుట్టూ గోడలా నిలబడింది.

సభ ఖాళీ అయింది. కేదారుడు కళ్ళు మూసుకుని నారాయణ నామం మొదలుపెట్టాడు.

"అబ్బాయ్! కాస్త గట్టిగా చెప్పు. నేనూ విని పుణ్యం కట్టుకుంటాను."

కేదారుడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్న స్తంభం మాట్లాడుతోంది! ఛాతీ వరకూ నల్లరాయి. ఆ పైన గడ్డం పెరిగిన మనిషి మొహం, రెండు చేతులు, ఆడుతున్న కనురెప్పలు. చుట్టూ చూశాడు. అన్ని స్తంభాలూ అంతే. ఒకడు నడుం దాకా రాయి, ఒకడు గొంతు దాకా రాయి. సభ జరిగినంతసేపూ భటుల భయానికి కదలక నిలబడ్డారు గాని, ఇంతసేపూ తను మెచ్చుకున్నది శిల్పుల పనితనం కాదు.

"భయపడకు నాయనా. నా పేరు బొంతయ్య. నేనూ నీలాగే పూట పడినవాణ్ణే. గడువు దాటాక పాదాల దగ్గర మొదలవుతుంది. ఏటేటా కాస్త కాస్త పైకి పాకుతుంది. నొప్పి ఉండదులే. దురద ఉంటుంది. గోక్కోలేవు, అదే బాధ."

"ఎవరి కోసం పూట పడ్డావు మామా?"

"ఎవరి కోసమా! అల్లుడి కోసం." బొంతయ్య ఉమ్మివేసినంత పని చేశాడు. "ఇటు వేటకొచ్చి పట్టుబడ్డాడు. ఇంటికెళ్ళి దండుగ సొమ్ము పట్టుకొస్తానన్నాడు. పిల్ల మొహం చూసి కూర్చున్నాను. వాడు పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. పెళ్ళిలో పట్టుపంచె చాలలేదని అలిగినప్పుడే అనుకున్నాను, వీడు మనిషి కాడని. వాడి తల్లి కూడా అంతే."

కేదారుడికి ఆ పరిస్థితిలోనూ నవ్వొచ్చింది. తర్వాత తన పాత సందేహం బయట పెట్టాడు. "మామా, మాట తప్పింది అతనైతే నీకెందుకు ఈ శిక్ష? నీ తప్పేముంది?"

"ఉందిగా. నమ్మాను."

"నమ్మడం తప్పా?"

"ఆ సంగతి నన్నడక్కు నాయనా, అల్లుణ్ణి నమ్మినవాణ్ణి. ఇంతకీ నీది ఏ ఊరు? ఏం పని?"

"పద్మనాలంలో గంటల పేట. గంటలు పోసే కంచరి వాళ్ళం."

బొంతయ్య మెడ ముందుకు చాచాడు. కేదారుడి ముక్కును, నుదురును, చెవులను తేరిపార చూశాడు. అంతకుముందు లేని మెత్తదనంతో అడిగాడు. "నాగలింగం నీకేమవుతాడు నాయనా?"

"మా అయ్య," అన్నాడు కేదారుడు.

బొంతయ్య చెయ్యి చాచి తన పక్కనున్న స్తంభాన్ని చూపించాడు. మండపంలోకెల్లా పెద్ద దూలాన్ని ఎత్తిన రెండు చేతుల మీద మోస్తున్న స్తంభం. పాదం నుంచి తలపాగా కొస వరకూ పూర్తిగా రాయి అయిపోయింది ఆ ఒక్కటే. రాతి తలపాగాకు కుడివైపు ముడి ఉంది. గంటల పేటలో కుడివైపు ముడి వేసేది తమ ఇంటివాళ్ళే.

"అయ్యా!" అని కేదారుడు అరిచాడు. లేవబోయాడు. పీట కదలనివ్వలేదు. అరుపు పైకప్పు నీలాల మధ్య తిరిగి తిరిగి పోయింది. స్తంభం పలకలేదు.

"మంచివాడు," అన్నాడు బొంతయ్య మెల్లగా. "నేను వచ్చేసరికి ఆయనకు గొంతు దాకా వచ్చింది. ఎప్పుడూ నీ ముచ్చట్లే. నీకు కొలిమి దగ్గర కాలిన మచ్చ ఉందటగా మోచేతి మీద? ఇంకో మాట. నేను ఆయనకు ఒక చిటికెడు నస్యం బాకీ ఉన్నాను నాయనా. నా డబ్బీ మొలలో దోపుకున్నాను, చూస్తుండగానే మొల కాస్తా రాయైపోయింది. ముక్కు పీకేస్తోంది. అప్పుడు మీ అయ్య, 'నా తలపాగా మడతలో పొట్లం ఉంది, చెయ్యి అందితే తీసుకో' అన్నాడు. తీరా చూస్తే ఒకే ఒక్క చిటికెడు. ఆఖరిది. 'నువ్వే పీల్చు, నీ డబ్బీ బయటికి తీశాక ఇద్దువుగాని' అన్నాడు. పీల్చేశాను. మర్నాటికి ఆయన పెదవులు రాయైపోయాయి. అదొక్కటే నాకు లోపల గుచ్చుతుంటుంది."

కేదారుడు మోచేతి మీది మచ్చను తడుముకున్నాడు. తండ్రి ఎదురుగా ఉన్నాడు. ఇంతకాలం తను వెతకని చోటు లేదు. దొరికాక చూస్తే తనూ కట్టుబడి ఉన్నాడు.

మధ్యాహ్నం ధూమ్రభట్టు వచ్చాడు. వెనక పదిమంది వంటవాళ్ళు. కేదారుడి ముందు ఒక అరిటాకు, దానికి ఎదురుగా తనకొక అరిటాకు వేయించుకున్నాడు. పులిహోర, బూరెలు, గుమ్మడి దప్పళం, పనసపొట్టు కూర, కమ్మగా కాగిన నెయ్యి. కమ్మదనానికి స్తంభాలు కూడా ముక్కులు ఎగబీల్చాయి.

"తిను నాయనా. నా చేత్తో వడ్డిస్తాను. తృప్తిగా తిని, 'తృప్తి' అని ఒక్క మాట అను. తర్వాత నేను తింటాను."

కేదారుడు రెండు చేతులూ జోడించాడు. "ఇవాళ ఏకాదశి స్వామీ. మా ఇంట్లో పచ్చిగంగ కూడా ముట్టం."

ధూమ్రభట్టు మొహంలో ఏదో మెరిసి మాయమైంది. "పోనీ పళ్ళు? పళ్ళకు దోషం లేదంటారే."

"అనేవాళ్ళు అంటారు. మా అమ్మ అనదు."

"పాలు?"

"వద్దు స్వామీ. మీరు కానివ్వండి."

ధూమ్రభట్టు కానివ్వలేదు. ఆకు మీద చెయ్యి పెట్టి, అన్నం వైపు చూసి, గుటక వేసి, లేచి వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి అరిసెలు, జున్ను. మళ్ళీ బతిమాలాడు, మళ్ళీ లేచిపోయాడు. వెళుతూ వెళుతూ పొట్ట పట్టుకున్నాడు. పొట్టలోంచి కుక్క మొరిగినట్టు ఏదో శబ్దం వచ్చింది.

"మామా," అన్నాడు కేదారుడు, "ఆయన ఎందుకు తినడు?"

"ఎప్పుడూ అంతే. కొత్త పూటకాపు పీట మీద ఉన్నంతకాలం వాడు తిని తృప్తి అన్నాకే తాను తింటాడు. మేమంతా సుష్టుగా తిని అనేశాంలే. ఆకలి మీదున్నవాడికి బూరెలు పెడితే అననివాడెవడు? ఆ మాంత్రికుడి కడుపులో ఒక భూతం ఉందట నాయనా. ఈ మాయలన్నీ దానివే. పూటపూటకీ దానికి తిండి పడాలి."

కేదారుడికి చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. తమ ఊరి పెద్ద ఒకసారి ఎవరినో పూటకాపుగా ఇంట్లో ఉంచుకున్నాడు. మిట్టమధ్యాహ్నం దాటినా ఊరిపెద్ద భోజనానికి లేవలేదు. ఆ పూటకాపు దిగులుతో తినకుండా పడుకున్నాడని, ఇంటిల్లిపాదీ వాడి చుట్టూ చేరి బతిమాలారు. ఎందుకమ్మా అని అడిగితే తల్లి చెప్పింది. పూటకాపు అంటే నిలబడ్డవాడి ఒక్కడి కట్టే కాదు నాన్నా, పట్టుకున్నవాడికీ కట్టే. ముందు విస్తరి అతనిది. అతను ఆకలితో ఉండగా పట్టినవాడు మెతుకు ముడితే పట్టు చెల్లదు.

కేదారుడు ఆ సంగతి చెప్పగానే బొంతయ్య తల ఎత్తి గంట వైపు చూశాడు. "ఈ కోట గురించి మా తాతల నాటి నుంచీ ఒక మాట ఉంది. ధర్మం తప్పితే ఇక్కడ వేలాడే గంట, ఏదైనా సరే, దానంతటదే మోగుతుందని, అది మోగితే ఈ కోట పట్టినవన్నీ వదులుతుందని. నేనైతే ఎప్పుడూ వినలేదు."

"వినిపిద్దాం మామా," అన్నాడు కేదారుడు. అన్నాడే గాని, ఉపవాసం దేవుడి కోసం మొదలుపెట్టి మధ్యలో దాన్ని ఆయుధం చేసుకోవడం న్యాయమేనా అని మనసులో ఓ మూల పీకింది. నారాయణా, తప్పయితే నువ్వే సర్దుకో అని దండం పెట్టుకున్నాడు.

ఆ రాత్రి గడిచింది. తెల్లవారేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. కళ్ళ ముందు నీలాలు తిరుగుతున్నాయి. అయితే ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. ద్వాదశి నాడు వేళ దాటకుండా పారణ చేయకపోతే వ్రతం చెడుతుంది. పారణ చేద్దామంటే తినడానికి ఉన్నదంతా ధూమ్రభట్టుదే.

ధూమ్రభట్టు పొద్దున్నే వచ్చేశాడు. ఒక్కరోజులో బుగ్గలు లోపలికి పోయాయి. పొట్ట మాత్రం బుడగలా ఉబ్బి కదులుతోంది. లోపల ఎవరో గోళ్ళతో గీరుతున్నట్టు మాటిమాటికీ వంగిపోతున్నాడు.

"లే, లే నాయనా, పారణ వేళ! వేడి వేడి పొంగలి. ఒక్క ముద్ద. ఒక్క మాట."

కేదారుడు తల అడ్డంగా ఊపాడు.

మెత్తని గొంతు ఒక్కసారిగా పగిలింది. "ఎవడి కోసంరా ఈ పంతం? వాడొస్తాడనా? వాడు రాడు! ఎవడూ రాలేడు! ఆ మంచు నాది. అందులో అడుగు పెట్టినవాడు తన కాలి గుర్తుల చుట్టూ తానే తిరుగుతుంటాడు. నీ వర్తకుడూ అంతే, వీళ్ళంతా నమ్మినవాళ్ళూ అంతే!"

స్తంభాల తలలు ధూమ్రభట్టు వైపు తిరిగాయి. బొంతయ్య అడిగాడు. "అయితే... నా అల్లుడు వచ్చాడా?"

ధూమ్రభట్టు నాలుక కరుచుకున్నాడు.

"వచ్చాడు కదూ?" బొంతయ్య కళ్ళవెంట నీళ్ళు గడ్డంలోకి దిగాయి. "వచ్చి, ఆ మంచులో... అయ్యో, ఇన్నేళ్ళు వాణ్ణి ఎన్నెన్ని మాటలన్నాను! వాడి తల్లిని కూడా అన్నాను!"

కేదారుడి లోపల ఏదో ముడి వీడింది. పసితనం నుంచీ తను దేవుణ్ణి అడిగింది తప్పు ఎవరిదని. ఇక్కడ ఎవరూ మాట తప్పలేదు. నమ్మినవాడూ తప్పు చేయలేదు, పోయినవాడూ చేయలేదు.

అతను ఉత్తరీయం కొంగు ముడి విప్పాడు. ఇంట్లో బయలుదేరేటప్పుడు ఆలి కట్టిచ్చిన తులసి దళం ఎండి అందులో ఉంది. పై దూలం కొస నుంచి మంచు తడి బొట్టుగా దిగుతోంది. అరచేయి చాచి ఒక్క బొట్టు పట్టుకున్నాడు. తులసి అందులో వేసి, కళ్ళకద్దుకుని, నారాయణార్పణం అనుకుని నోట్లో వేసుకున్నాడు. దేవుడికి పారణ అయింది. కడుపుకు కాలేదు.

ధూమ్రభట్టు అది చూశాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "తిన్నావు! తిన్నాడు, అందరూ చూశారుగా! పారణ అయిపోయింది!"

"తీర్థం పుచ్చుకున్నాను స్వామీ. మీరు పెట్టింది తినలేదు. తృప్తి అనలేదు."

"అదే, అదే, రెండూ ఒకటే!" అంటూనే ధూమ్రభట్టు పొంగలి పళ్ళెం మీద పడ్డాడు. రెండు చేతులతో కుక్కుకున్నాడు. మొదటి ముద్ద గొంతు దిగిందో లేదో,

ఠంగ్!

గంట మోగింది. తాడు లేని గంట, కొట్టేవాడు లేని గంట, కోట పునాదులు అదిరేటట్టు మోగింది. ఆ నాదం చెవిన పడగానే కేదారుడి ఒళ్ళు పులకరించింది. గంటల పేట కంచుకు తప్ప ఆ కమ్మని కార్వ, మోగాక సాగే ఆ నాదం, ఇంకే కంచుకూ రాదు. తండ్రి గుడికని తీసుకెళ్ళిన గంట ఇదే, ఆయనతో పాటు ఈ కోటలో చిక్కింది!

పీట వదిలింది. స్తంభాల మీద రాయి పెచ్చులు పెచ్చులుగా రాలసాగింది. ఛాతీలు, నడుములు, మోకాళ్ళు బయటపడుతున్నాయి. ధూమ్రభట్టు నోట్లోంచి నల్లని పొగ ఒకటి కేకపెడుతూ బయటికి దూకి కిటికీలోంచి పారిపోయింది. అతని పొట్ట చప్పబడింది, ఒళ్ళు కుంచించుకుపోయింది. చూస్తుండగానే ముసలి గుడ్లగూబ అయి, పక్కనున్న బంగారు పాత్రలోంచి నేత్రపుష్పాన్ని ముక్కున కరుచుకుని ఉత్తర దిక్కుగా ఎగిరిపోయాడు.

కిటికీ అవతల మంచు విడిపోతోంది. నది ఒడ్డున మనుషులు! నెరిసిన గడ్డాలతో, చిరిగిన బట్టలతో, ఇన్నాళ్ళూ తిరిగిన కాలి గుర్తుల మధ్యనుంచి తలలెత్తి కోట వైపు పరుగెత్తి వస్తున్నారు. వాళ్ళందరి కంటే ముందు మకరాంకుడు, చేతిలో మణి ధగధగలాడుతోంది.

అంతలో పైకప్పు పెటపెటమంది.

స్తంభాలు మనుషులైపోతే కప్పును మోసేదెవరు? నీలాలు వానలా రాలుతున్నాయి. "బయటికి! బయటికి!" అని అరుచుకుంటూ అందరూ తలుపు వైపు పరుగెత్తారు. కప్పంతా ఇప్పుడు ఒకే ఒక్క స్తంభం మీద ఆగి ఉంది. నాగలింగం ఒంటి మీద రాయి మెడ దాకా రాలింది. మొహం, ఎత్తిన చేతులు మాత్రం రాళ్ళే. ఊపిరి ఎప్పుడో ఆగిన మనిషి. ఆ ఊపిరి మళ్ళీ పుడితే తప్ప రాయి వదలదు. వదిలిందా, ఆ క్షణమే కప్పు కూలుతుంది.

కేదారుడు తండ్రి నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. "అయ్యా! నేను, కేదారుణ్ణి! అయ్యా!" కుదిపాడు. రొమ్ము మీద రుద్దాడు. రాతి కళ్ళు కదలలేదు. తలమీద ఒక నీలం పడి నుదురు చిట్లింది.

"పక్కకు తప్పుకో అబ్బాయ్."

బొంతయ్య! అందరూ పారిపోయినా వెళ్ళలేదు. మొలలోంచి కొమ్ము డబ్బీ తీసి మూత లాగుతున్నాడు.

"మామా, పో! నీ అల్లుడు ఒడ్డున ఉన్నాడు!"

"ఉండనీ. ఇన్నేళ్ళు ఆగినవాడు ఇంకో క్షణం ఆగలేడా? బాకీ పెట్టుకుని అల్లుడి మొహం ఎలా చూడను?"

మూత ఊడింది. రాతిలో భద్రంగా ఉన్న నస్యం, ఘాటు పోలేదు. బొంతయ్య నిండుగా ఒక చిటికెడు తీసుకుని, మునివేళ్ళ మీద లేచి, నాగలింగం రాతి ముక్కు పుటంలో అద్దాడు.

"ఇదిగో నాగలింగం, నీది నీకు ముట్టింది."

పై దూలం ఒక జానెడు కిందికి జారింది. కేదారుడు తండ్రి నడుం మీద పట్టు బిగించాడు. రాతి ముక్కు చివర ఒక చిన్న పగులు వచ్చింది. పగులు బుగ్గ మీదికి పాకింది. రెప్పలు అదిరాయి. పెదవులు వంకరపోయాయి.

హాఛ్!

ఆ తుమ్ముకు మొహం మీది రాయంతా గవ్వల్లా ఎగిరిపోయింది. ఎత్తిన చేతులు దిగాయి. కేదారుడు ఒక్క ఊపున తండ్రిని, బొంతయ్యను కలిపి తలుపు బయటికి తోసి తనూ దూకాడు. వెనక మహామండపం కొండంత చప్పుడుతో కూలింది. కూలుతూ కూలుతూ ఆ గంట ఇంకోసారి మోగింది.

దుమ్ము ఇంకా అణగలేదు. పువ్వు ఉత్తరానికి పోతోంది, ఇక మన దారీ అటే అని ఒడ్డు నుంచి మకరాంకుడు కేకలు వేస్తున్నాడు. ఉత్తరాన గుడ్లగూబ మేఘాల్లోకి చుక్కగా చిన్నదైపోతోంది. రాళ్ళ గుట్ట పక్కన నాగలింగం కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని పడి ఉన్నాడు. కళ్ళు తెరిచి ముందు కొడుకు మోచేతి మీది మచ్చను తడిమాడు. తర్వాత బొంతయ్య వైపు తిరిగి, మూసుకుపోయిన గొంతుతో అన్నాడు.

"ఒక్క చిటికెడే తీసుకున్నావు కదరా బొంతా, ఇదేంటి ఇంత కుక్కావు?"

"వడ్డీ," అన్నాడు బొంతయ్య కళ్ళు తుడుచుకుంటూ.